వంకర కుట్లకు గిరాకీ

నేను బట్టలకు రంగులు వేయడం మొదలుపెట్టిన రోజు మా ఇంట్లో వంట లేదు. ఉన్న పెద్ద గిన్నెలన్నింటిలోనూ ఉల్లిపాయ తొక్కలు ఉడుకుతున్నాయి. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, ఒక గిన్నె మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసి, "ఇది తినేదా, కట్టుకునేదా?" అని అడిగారు. కట్టుకునేదే అన్నాను. "అయితే నేను బయట తినేసి వస్తాలే" అని విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుని వెళ్ళిపోయారు. పర్యావరణాన్ని కాపాడే పనికి మా ఇంట్లో దొరికిన మొదటి ప్రోత్సాహం అది.

నేను ఇరవై రెండేళ్ళు రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు కాలేజీలో బోటనీ చెప్పాను. బోటనీకి పిల్లలు రావడం లేదని కాలేజీవాళ్ళు నన్ను మర్యాదగా పంపించేశాక, ఖాళీగా ఉండలేక సహజ రంగుల మీద మూడు రోజుల శిక్షణకి వెళ్ళాను. ఏసీ హాల్లో, ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, చేతికో ప్లాస్టిక్ సీసా నీళ్ళిచ్చి, భూమిని ప్లాస్టిక్ నుంచి ఎలా కాపాడాలో చెప్పారు. ఆఖరి రోజు సర్టిఫికెట్ ఇచ్చారు. అది చిరగకుండా లామినేషన్ కూడా చేయించి ఇచ్చారు.

అక్కడే హైదరాబాదు మేడమ్ పరిచయమైంది. ఆవిడ బట్టల షాపు నడుపుతుంది. షాపు అంటే ఆవిడకి కోపం, స్టూడియో అనాలి. మొక్కల రంగులు వేసి, మిషను ముట్టకుండా చేత్తో కుట్టిన కుర్తాలు ఎన్ని ఇస్తే అన్ని తీసుకుంటానంది. మూడు రోజుల చదువుతో నేను సరఫరాదారుని అయిపోయాను.

మొదటి విడత ఆరు కుర్తాలు నేనే కుట్టి, పసుపు వేశాను. బజారులో కొన్న పసుపు కాదు, కొమ్ములు తెచ్చి దంచిన పసుపు. రంగు చూస్తే కళ్ళు చెదిరాయి. పది రోజులకి మేడమ్ ఫోను. "ఏంటండీ ఇది, కస్టమర్ సబ్బు పెట్టి ఉతికితే ఎర్రగా అయిపోయిందట! రక్తం అనుకుని కేకలు పెట్టిందట!"

పసుపులో సున్నం కలిస్తే ఎర్రబడుతుందని ఈ జిల్లాల్లో ఐదేళ్ళ పిల్లకి కూడా తెలుసు. మా ఇంట్లో దిష్టి తీయరు, ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబం మాది. కానీ పక్కింటివాళ్ళు పళ్ళెంలో ఎర్రనీళ్ళు కలుపుతుంటే చిన్నప్పుడు గోడ మీద గడ్డం ఆనించి నేను రోజూ చూసేదాన్ని. సబ్బు కూడా సున్నం జాతిదే. అది కాలేజీలో క్లాసులో కూడా చెప్పాను, పసుపు కాగితం మీద సబ్బు నీళ్ళు పోసి చూపించి మరీ చెప్పాను. అంత చేసినదాన్ని, కుర్తాకి మాత్రం పసుపు వేసి పంపించాను.

తప్పయింది అని చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. "అది జీవమున్న రంగండీ. మనిషి చేతిని బట్టి, నీటిని బట్టి మారుతూ ఉంటుంది" అన్నాను. మేడమ్, "ఎంత బాగా చెప్పారండీ!" అంది. వారం తిరక్కుండా ఆ మాట కార్డుల మీద అచ్చయి, కుర్తాలకి వేలాడింది. అబద్ధం ఇంత సులువుగా అమ్ముడుపోతుందని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు కాస్త సిగ్గుపడి ఉంటే తర్వాత జరిగినవి జరిగేవి కావు.

ఆ తర్వాత పసుపు మానేసి బంతిపూలకి మారాను. కడియం వైపు పూలమార్కెట్‌లో మిగిలిపోయి వాడినవి బస్తాల్లో వచ్చేవి. బట్టని ముందు కరక్కాయ నీళ్ళలో నానబెట్టి, పటికలో ముంచి, ఆ పైన పూలతో ఉడకబెడితే పసుపుపచ్చ రంగు పట్టుకుంటుంది. మొదటిసారి మా బోరు నీళ్ళు వాడాను. ఆ నీళ్ళలో ఇనుము ఎక్కువ, మా బాత్‌రూము గచ్చే అందుకు సాక్ష్యం. కరక్కాయకి ఇనుము తగిలితే నలుపు. తానంతా వర్షం ముందు ఆకాశంలా తయారైంది. దానికి కూడా మేడమ్ ఏదో పేరు పెట్టి అమ్మేసింది. అప్పటి నుంచి పొద్దున్నే కొళాయిలో వచ్చే గోదావరి నీళ్ళు పట్టుకుని వాడుతున్నాను.

రంగు నాది. కుట్టు మాత్రం మా పెద్దమ్మది.

పెద్దమ్మ అంటే మా అమ్మకి అక్క. గోదావరికి అవతల ఒడ్డున, కొవ్వూరులో ఒక్కతే ఉంటుంది. పెళ్ళి చేసుకోలేదు. చర్చివాళ్ళ ఆడపిల్లల బడిలో ముప్ఫై ఆరేళ్ళు కుట్టు టీచరుగా చేసింది. ఆ బడిలో నేనూ చదివాను కాబట్టి నాకూ టీచరే. ఇంట్లో పెద్దమ్మా అనాలి, బడిలో టీచర్ అనాలి. బడిలో పొరపాటున పెద్దమ్మా అంటే బెంచీ ఎక్కించేది.

ఆవిడ పద్ధతి ఒకటే. కుట్టడం అయిపోయాక బట్ట తిరగేసి, కుట్టు మీద బొటనవేలి గోరు మొదటి నుంచి చివరిదాకా నడిపిస్తుంది. చూపు కిటికీలోంచి బయటికి ఉంటుంది, కుట్టు వైపు ఉండదు. గోరు ఒక్కో కుట్టు మీంచి దిగుతుంటే చిన్న చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు ఒకే తీరున సాగాలి. ఎక్కడైనా తడబడిందా, వేలు ఆగుతుంది, మళ్ళీ వెనక్కి వెళ్ళి వస్తుంది, అప్పుడు ఒక్క మాట అంటుంది. "విప్పు." కోప్పడదు, కొట్టదు, కారణం చెప్పదు. ఏడో తరగతిలో నేను ఒక దిండు గలీబు అంచుని ఆరుసార్లు విప్పాను. ఆరోసారికి గుడ్డ జల్లెడైపోయింది. దానికీ మార్కులు తగ్గించింది.

ఏడాదికోసారి పరీక్ష చేయడానికి వేరే ఊరి నుంచి ఒక పెద్దావిడ వచ్చేది. ఒకసారి ఆవిడ పెద్దమ్మ కుట్టిన చంటిపిల్ల గౌను వెలుతురులో పెట్టి చూసి, "ఇది మిషను మీద కుట్టినట్టుంది టీచర్" అందట. ఆ మాట పెద్దమ్మ మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అప్పట్లో మిషను కుట్టంటే వంక పెట్టలేని కుట్టని అర్థం. పెద్దమ్మకి పొలం లేదు, బంగారం మోజు లేదు. చేతికుట్టుని మిషనుకి దీటుగా కుడుతుందన్న ఆ పేరు ఒక్కటే ఆవిడ దాచుకున్న ఆస్తి.

ఆ ఆస్తికే మా మేడమ్ కన్నం వేసింది.

పెద్దమ్మ కుట్టిన మొదటి పది కుర్తాలు వెళ్ళిన వారానికి వాటిలో ఏడు తిరిగొచ్చాయి. మిషను మీద కుట్టి చేతికుట్టని మోసం చేస్తున్నారని కస్టమర్లు అన్నారట. నేను బస్సెక్కి వంతెన దాటి కొవ్వూరు వెళ్ళాను.

"ఏమన్నారే?" అంది పెద్దమ్మ.

"మిషను మీద కుట్టినట్టుందన్నారు పెద్దమ్మా."

ఆవిడ మొహం విప్పారింది. "అన్నారా!" అని, కుర్చీలో సర్దుకుని కూర్చుంది. "హైదరాబాదు వాళ్ళు కూడా అన్నారన్నమాట. టీ పెట్టనా?"

అప్పుడు సంచీలోంచి ఏడు కుర్తాలూ తీసి బల్ల మీద పెట్టాల్సి వచ్చింది. వాటిని చూసి, నన్ను చూసి అడిగింది. "అంటే, నేను మిషను మీద కుట్టేసి చేత్తో కుట్టానని అబద్ధం చెప్పాననా?" ఆ రోజు టీ పెట్టలేదు. నేనూ అడగలేదు.

ఆవిడ కుడుతుండగా వీడియో తీసి మేడమ్‌కి పంపాను. సూది, వేలికి ఇత్తడి టోపీ, వరసగా దిగుతున్న కుట్లు, అన్నీ కనబడేలా తీశాను. మేడమ్ ఫోను చేసింది. "నాకు నమ్మకమేనండీ. కస్టమర్‌కి కలగాలి కదా. చేత్తో చేసినదంటే అందులో ఒక లోపం కనబడాలండీ. ఆ లోపంలోనే ఆత్మ ఉంటుంది. కొంచెం వంకరగా కుట్టమని అమ్మగారికి చెప్పండి, ప్లీజ్."

మా పెద్దమ్మ ముప్ఫై ఆరేళ్ళు వందల మంది ఆడపిల్లల చేత ఆత్మలు విప్పించి పారేసిందన్నమాట.

ఇదంతా ఆవిడకి ఎలా చెప్పాలో తెలియక నది దాటుతున్నంతసేపూ మాటలు కూర్చుకున్నాను. తీరా వెళ్ళాక అన్నీ మర్చిపోయి, "పెద్దమ్మా, కొంచెం వంకరగా కుట్టవా" అనేశాను.

"ఎందుకే?"

"అలాగైతేనే చేత్తో కుట్టారని నమ్ముతారట."

"బాగా కుడితే నమ్మరా?"

"నమ్మరు."

ఆవిడ వాదించలేదు. టీచరు కదా, కొత్త పాఠం అనుకుంది. వారం తర్వాత ఒక కుర్తా నా చేతికిచ్చి, "చూడు, వంకర సరిగ్గా వచ్చిందా?" అని అడిగింది. చూశాను. ఏడు కుట్లు తిన్నగా ఉన్నాయి, ఎనిమిదోది ఎడమకి ఒరిగింది. మళ్ళీ ఏడు తిన్నగా, ఎనిమిదోది కుడికి. అంచంతా అదే వరస. ఎక్కడ వంకర రావాలో ముందే పెన్సిలుతో చుక్కలు పెట్టుకుని మరీ కుట్టింది. గోరు నడిపించి చూపించింది కూడా. ఏడు చప్పుళ్ళు, ఒక తడబాటు, ఏడు చప్పుళ్ళు, ఒక తడబాటు. నవ్వాపుకోలేక దగ్గొచ్చినట్టు నటించాను.

మేడమ్ దాన్ని చూసి, "ఇది జిగ్‌జాగ్ మిషనా అండీ?" అని అడిగింది.

అది ఏప్రిల్‌లో. అప్పటికే పెద్దమ్మ కుర్చీ కిటికీ దగ్గరికి జరిగింది. జూన్ నాటికి వాకిట్లోకి వచ్చింది. నేను వెళ్ళినప్పుడల్లా పది సూదులకి దారం ఎక్కించి పెట్టమనేది. కుట్టడంలో తడబాట్లు వస్తున్నాయి, కానీ ఆవిడ గోరు వాటిని పట్టుకుంటోంది. పట్టుకున్న చోటల్లా విప్పి మళ్ళీ కుడుతోంది. వారంలో అయ్యే కుర్తాకి మూడు వారాలు పడుతోంది. మేడమ్ రోజూ ఫోను.

జూలైలో ఒక మధ్యాహ్నం వాన పట్టింది. పెద్దమ్మ ఒక కుర్తా కుట్టడం అప్పుడే ముగించింది, ఇంకా గోరు పెట్టలేదు. నాకు బస్సు టైమైంది. "నేను చూస్తాలే పెద్దమ్మా" అని దాన్ని లాక్కుని సంచీలో వేసుకున్నాను. ఇంటికొచ్చి అంచు తిరగేసి చూశాను. కుట్లు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ఎటో వెళ్ళి తిరిగొచ్చింది. విప్పే ఓపిక లేక అలాగే పంపించేశాను.

మేడమ్ ఏడ్చినంత పని చేసింది. సంతోషంతోనే. "ఇదీ! ఇన్నాళ్ళూ మీకు చెబుతున్నది ఇదే! ఎంత సహజంగా ఉంది! అమ్మగారికి ఇప్పుడు అర్థమైందండీ!"

అమ్మగారికి అర్థమైనదేమీ లేదు. అమ్మగారికి కనబడటం లేదు, అంతే.

ఇక్కడి నుంచి నేను చేసింది చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ తర్వాత నుంచి కావాలనే బస్సు టైముకి అరగంట ముందు వెళ్ళడం మొదలుపెట్టాను. కుట్టడం అవగానే, గోరు ఆనేలోపు, "ఆటో ఆగింది పెద్దమ్మా" అనేదాన్ని, "చీకటి పడుతుంది పెద్దమ్మా" అనేదాన్ని. "ఒక్కసారి చూడనీవే" అని ఆవిడ చెయ్యి చాపేది. "నేను చూస్తాగా, నువ్వు నేర్పించిన చేతులే కదా" అనేదాన్ని. ఆ మాటకి ఆవిడ మెత్తబడేది. అందుకే ఆ మాట అనేదాన్ని. మేడమ్ ఒక్కో కుర్తాకీ అట్టముక్క తగిలించేది, దాని మీద "అమ్మమ్మ చేతి కుట్టు" అని ఉండేది. పిల్లలే లేని మనిషిని ఆవిడ అమ్మమ్మని చేసింది.

ఆగస్టులో పెద్దమ్మని రాజమండ్రిలో కంటి డాక్టరుకి చూపించాను. రెండు కళ్ళలోనూ శుక్లాలు, ముదిరాయి, ఆపరేషన్ చేయించండి అన్నారు డాక్టరు. నెల రోజులు కుట్టు పని ఉండదని మేడమ్‌కి చెప్పాను. ఆవిడ, "అర్జెంటేం కాదు కదండీ ఆపరేషన్?" అంది. తర్వాత గొంతు తగ్గించి, "కళ్ళు బాగైపోతే మళ్ళీ పాత కుట్టు వచ్చేస్తుందేమో కూడా చూడండి" అంది.

ఆ ఫోను అక్కడే పెట్టేయాల్సింది. తిట్టి మరీ పెట్టేయాల్సింది. నేను అన్నది, "అర్జెంటేం కాదనుకుంటానండీ." పెద్దమ్మతో అన్నది, "వానలు తగ్గాక చేయిద్దాం పెద్దమ్మా, వానల్లో కంటికి చెమ్మ తగిలితే మంచిది కాదు." బోటనీ చదివినదాన్ని కదా, ఆకులకి తగిలే చెమ్మ గురించి తెలిస్తే కళ్ళకి తగిలేది కూడా తెలుస్తుందని ఆవిడ నమ్మింది. "నీకు తెలుసులే" అంది.

వానలు తగ్గాయి. క్రిస్మస్ వచ్చింది, వెళ్ళింది. ఆవిడ చర్చిలో పాటల పుస్తకాన్ని ముక్కుకి ఆనించుకుని పట్టుకుంది. పాటలన్నీ కంఠతా వచ్చు కాబట్టి పక్కవాళ్ళు ఎవరూ గమనించలేదు. నేను గమనించాను. ఇంకో ఆర్డరు ఉంది, అది అయ్యాక అనుకున్నాను.

ఫిబ్రవరిలో మేడమ్ తానే వస్తానంది. అమ్మగారు కుడుతుండగా వీడియో తీసి జనానికి చూపించాలట. కారులో కొవ్వూరు వచ్చింది. చేతిలో ఫోను, దానికో పొడుగాటి కర్ర, ఒంటి మీద మా బంతిపూల కుర్తా. వస్తూనే, "అమ్మమ్మా!" అని పెద్దమ్మ చేతులు పట్టుకుంది.

"నాకు మనవలు లేరమ్మా" అంది పెద్దమ్మ. "టీచర్ అనండి."

మేడమ్ ముచ్చటపడి నవ్వింది. కర్రని కిటికీకి ఆనించి, ఫోను సర్ది, వాకిట్లో పెద్దమ్మ పక్కన కూర్చుంది. "చూడండమ్మా, నేను వేసుకున్నది మీరు కుట్టిందే" అని కుర్తా అంచు తీసి ఆవిడ చేతుల్లో పెట్టింది.

అప్పుడు నాకు ఏ బస్సూ గుర్తు రాలేదు.

పెద్దమ్మ అంచుని తిరగేసింది. మొహం వీధి వైపు తిప్పింది. బొటనవేలి గోరు కదిలింది. రెండు కుట్లు దాటి ఆగింది. వెనక్కి వెళ్ళింది. మళ్ళీ వచ్చి అక్కడే ఆగింది. ఆ ఆగడం నాకు ఏడో తరగతి నుంచి తెలుసు.

"ఎవరు కుట్టారమ్మా ఇది?"

"మీరేనండీ! ఆ కుట్లు చూడండి, ఒకటి ఇటు, ఒకటి అటు, ఎంత నాచురల్‌గా ఉన్నాయో! ఇంతకు ముందు మీవి మరీ మిషన్‌లా ఉండేవి, గుర్తుందా?"

పెద్దమ్మ అంచు వదల్లేదు. దాన్ని పట్టుకునే మొహం నా వైపు తిప్పింది. కళ్ళు నా భుజం దగ్గర ఎక్కడో ఆగాయి, నేను ఎక్కడ నిలుచున్నానో ఆవిడకి సరిగ్గా తెలియలేదు. "నువ్వు చూస్తానన్నావు కదే" అంది.

"లోపలికెళ్ళి ఇది మార్చుకు రండమ్మా" అంది తర్వాత మేడమ్‌ వైపు తిరిగి. మేడమ్ నవ్వింది. పెద్దమ్మ నవ్వకపోవడం చూసి తనూ ఆపేసింది. ముప్ఫై ఆరేళ్ళు ఆడపిల్లల్ని నిలబెట్టిన గొంతు అది, స్టూడియోలున్న వాళ్ళు కూడా లేచి వెళ్తారు. లోపల దండెం మీద ఉన్నది పెద్దమ్మ నైటీ ఒక్కటే. పెద్ద పెద్ద గులాబీలున్న నైటీ, వానాకాలంలో తొందరగా ఆరుతుందని కొనుక్కున్నది, నూటికి నూరుపాళ్ళూ పాలిస్టర్. సహజ జీవన ప్రచారకురాలు ఆ నైటీలో వాకిట్లో కూర్చుంది. ఎదురింటివాళ్ళు తొంగి చూశారు. ఫోను మాత్రం కర్ర మీద నుంచి తీసేసింది.

పెద్దమ్మ కుర్తాని నా ఒళ్ళో పెట్టి, చిన్న కత్తెర ఇచ్చింది.

"విప్పు."

విప్పాను. లాగకూడదు, ఒక్కో కుట్టూ తెంపి ఒక్కో దారమూ ఏరాలి. అలా చేస్తేనే గుడ్డ చిరగదు. నాకది నేర్పింది ఆవిడే. అంచంతా అయ్యేసరికి నా ఒడి నిండా పసుపుపచ్చ దారం ముక్కలు. సూదికి దారం ఎక్కించి ఇచ్చాను. అప్పుడు ఆవిడ కళ్ళు మూసుకుని కుట్టింది. ఒక కుట్టు వేయడం, గోరు పెట్టి దాని పొడుగు చూసుకోవడం, ఆ గోరు పక్కనే రెండో కుట్టు దింపడం. తప్పు పోతే వెంటనే తీసి మళ్ళీ. అంతసేపట్లో రైలు వంతెన మీద నాలుగు బళ్ళు వెళ్ళాయి. మేడమ్‌కి బిస్కెట్లు పెట్టాం. తినలేదు. చేత్తో కుట్టడమంటే ఎంతసేపు పడుతుందో ఆవిడ మొదటిసారి కూర్చుని చూసింది, వాచీతో సహా.

అంతా అయ్యాక పెద్దమ్మ గోరు నడిపించింది. ఎక్కడా ఆగలేదు. కుర్తా మడిచి ఇచ్చింది.

మేడమ్ అంచు తిప్పి చూసి, మొహం వేలాడేసింది. "అయ్యో... మళ్ళీ మిషన్ మీద కుట్టినట్టయిపోయింది."

"థాంక్యూ అమ్మా" అంది పెద్దమ్మ.

కారు మలుపు తిరిగేదాకా ఆగి నన్ను అడిగింది. "నా వేలు పడకుండా ఎన్ని వెళ్ళాయి?"

"ఇది కాక పధ్నాలుగు."

"తెప్పించు. సరిచేసి పంపిద్దాం."

మేడమ్‌ని బతిమాలి ఆ పధ్నాలుగు మందికీ కబురు పంపించాను. కుట్లలో తప్పులున్నాయి, దయచేసి పంపండి, ఉచితంగా మళ్ళీ కుట్టి ఇస్తామని. పదమూడు మంది ఇవ్వం అనేశారు. ఆ వంకరే మాకిష్టం అన్నారు. ఒకావిడ ఆ అంచుని దగ్గరగా ఫొటో తీసి, కింద హృదయం బొమ్మలు పెట్టి పంపించింది. అన్నీ పెద్దమ్మకి చదివి వినిపించాను. పదమూడూ విని, "అంటే అవి అలాగే తిరుగుతాయన్నమాట, నేను కుట్టినట్టు" అంది. పధ్నాలుగోది వచ్చింది. వంకర కుట్టని కాదు, సైజు సరిపోలేదని.

మేడమ్ మళ్ళీ ఆర్డరు ఇవ్వలేదు. వేరే జిల్లాలో ఇంకో అమ్మమ్మని పట్టుకుందని విన్నాను. ఆవిడ కళ్ళు ఎలా ఉన్నాయో మరి.

పెద్దమ్మకి మార్చిలో ఒక కంటికి ఆపరేషన్ అయింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఇన్ని నెలలు నేను వాయిదా వేసింది ఆ పది నిమిషాల్నే. డాక్టరు సరేనన్నాక నల్లకళ్ళద్దాలు తీసేసిన రోజు నేను కొవ్వూరులోనే ఉన్నాను. ముందు గోడ మీద క్యాలెండరు చదివింది. తర్వాత నా మొహం చూసి, "తెల్లబడిందే నీ జుట్టు" అంది. తర్వాత ఆ పధ్నాలుగో కుర్తా తెమ్మంది.

దాన్ని కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళింది. ఈసారి గోరు పెట్టలేదు. అంచు చుట్టూ మొదటి నుంచి చివరిదాకా కంటితోనే చూసింది. చాలాసేపు చూసింది. నేను ఆవిడ వెనక ఏడో తరగతి పిల్లలా నిలుచున్నాను.

"వానలు ఎప్పుడు తగ్గాయే?" అంది.

ఆవిడ అడిగింది వాతావరణం గురించి కాదని నాకు తెలుసు. అయినా ఆ ప్రశ్నకి ఒక్కటే జవాబు ఉంది.

"నవంబరులో, పెద్దమ్మా."

ఆవిడ తల ఊపింది. కుర్తా నా చేతికిచ్చింది, పైన కత్తెర పెట్టింది.

"విప్పు."

గచ్చు మీద కూర్చుని మొదటి కుట్టు తెంపాను.